ఒట్టి చేతుల బొమ్మ

ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్నంతసేపూ తాయమ్మ కళ్ళు వసారాలోని పీట మీదే ఉన్నాయి. పీట మీద పసుపు పూసిన ఉలులు, రంపం, కొయ్యసుత్తి, చివర మడత పెట్టిన, కొయ్యను రుద్ది నునుపు చేసే ఉప్పుకాగితం. ఉగాది పూజ కాగానే ఇంట్లో ఒక్కొక్కరూ తమ పనిముట్టు తీసుకుని కాసేపైనా పని చెయ్యాలి. ఆ రోజు చేతికి ఏది వస్తే ఏడాదంతా అదే పని. తిరుపతిలో ఎర్రచందనం బొమ్మలు చెక్కే ఆ ఇంట్లో అది తాతలనాటి పద్ధతి. పదకొండు ఉగాదులుగా తాయమ్మ చేతికి ఉప్పుకాగితమే వచ్చింది.

రుద్దడం ఏం పని అనుకుంటారు అందరూ. మొగుడు ఆదిమూలం చెక్కిన రాజుబొమ్మ ముక్కు ఒక పక్కకు ఒరిగినా, రాణిబొమ్మ చెంప ఎత్తుగా వచ్చినా, రుద్ది రుద్ది దారికి తెచ్చేది ఆమె. వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. కొండకు పోయే యాత్రికులు మాత్రం బొమ్మను నిమిరి చూసి, "ఆదిమూలం చెయ్యంటే చెయ్యే" అని పోతారు. ఒకసారి, "నేనూ ఒకటి చెక్కేదా?" అని అడిగింది. "ఉలి పట్టడమంటే దోసె తిప్పడం కాదు" అని నవ్వాడు. దోసె తిప్పడం కూడా అతనికి రాదని ఆమె అనలేదు. ఆ నవ్వు మాత్రం అన్నం కలుపుకునేటప్పుడు కూడా గుర్తొచ్చేది.

ఈ ఏడు ఆమె ఒక్కటే కోరుకుంది. మొదటి దెబ్బ నుంచి చివరి నునుపు దాకా తనదే అయిన ఒక బొమ్మ. పొయ్యిలోకి పోవలసిన జానెడు కొయ్యముక్కను దాచి, దాని మీద సూదిమొనతో ఆ బొమ్మను గీసుకుంది. నెల రోజులుగా అది బియ్యం కుండలోనే ఉంది. ఈ పొద్దు కొంగు చాటుకు వచ్చింది.

హారతి చల్లారకముందే అత్త సుబ్బులమ్మ ఉప్పుకాగితం చాచింది. "పట్టు తాయమ్మా, మంచి గడియ దాటిపోతాది."

తాయమ్మ చెయ్యి కాగితాన్ని దాటిపోయి చిన్న ఉలిని అందుకుంది.

"ఏందది? పెట్టు ఆడ!" ఆదిమూలం లేచాడు. "ఆడది ఉలి పట్టిన ఇంట్లో గిరాకీ ఉంటాదా?"

"ఏడాదంతా నాకీ పని ఉండాల." కొంగు చాటు నుంచి ముక్క తీసి పీట మీద పెట్టింది.

సుబ్బులమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. సూది గీతల్లో ఒక ఆడది కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"సంకలో బిడ్డ లేదే. కడవ గీసేది మరిసినావా?"

"మరవలేదత్తా. ఊరికే కూర్చోనుండాది."

"ఊరికేనా?" ముసలామె ఆ బొమ్మ ఒడిలోని ఒట్టి చేతుల మీద వేలు పెట్టింది. నలభై ఏళ్ళు తన మొగుడు చెక్కిన బొమ్మల్ని రుద్దిన వేలు. దాని మీదా గీతల్లేవు. "నేనెప్పుడన్నా ఇట్లా కూర్చున్న్యానా?" అంది, తనలో తాను.

"దానికి సెప్పమ్మా!" అన్నాడు ఆదిమూలం.

సుబ్బులమ్మ ముక్కను కోడలి ముందు పెట్టింది. తాయమ్మ ఉలి ఆనించి కొయ్యసుత్తితో కొట్టింది. ఎర్రటి పెచ్చు ఒకటి ఎగిరి ఆదిమూలం కొత్త పంచె మీద పడింది. సర్వజిత్తు నామ సంవత్సరంలో ఆ ఇంట్లో లేచిన మొదటి పెచ్చు.

"బాగా తెగినాది," అంది అత్త. మడత విప్పి ఉప్పుకాగితాన్ని కొడుకు చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టప్పా. మంచి గడియ దాటిపోతాది."