ఇంట్లో లేని ఉష

"మేడమ్, బొల్లాపల్లి నుంచి సుబ్బరత్నం అంటండి. పంపమంటారా?" అపార్ట్‌మెంట్ గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ దేవానందం ఫోను. వెనకాల ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. "పర్మిషన్ అంటే ఏందయ్యా? లోపలున్నోళ్ళు సరేననాలా? ఓస్, అంతేనా! నా పిల్ల అనకపోద్దా?"

ఉష హాల్లోకి తొంగిచూసింది. అక్కడ మొగుడి బ్యాంకు మేనేజర్ గారి భార్య, ఇంకో ఇద్దరూ కాఫీ తాగుతున్నారు. ఇప్పుడా మనిషి పైకొస్తే ఇంకేమన్నా ఉందా! 'మా ఉష నా ఎనకమాలే మిరపకాయల కోతకొచ్చేది' అని మొదలెడితే ఆపడం ఎవరి తరం?

"లేమని చెప్పు," అంది గొంతు తగ్గించి.

పీడా వదిలిందనుకుంది. ఎక్కడ! సుబ్బరత్నం గేటు పక్కన గట్టుమీద చతికిలబడింది. ఎండ మాడు పగలగొడుతోంది. ఉష బాల్కనీ కర్టెన్ సందులోంచి చూసింది. అమ్మ పోయినప్పుడు తనని చంకనేసుకుని తిరిగిన పక్కింటి అత్త. ఇంత సద్దన్నముంటే ముందు తనకి పెట్టాకే కన్నకొడుక్కి పెట్టిన మనిషి. 'ఛీ, నాదీ ఒక బతుకేనా' అనుకుంది. అనుకుంటూనే వెళ్ళి వచ్చినవాళ్ళకి ఇంకాస్త జీడిపప్పు వడ్డించింది.

వాళ్ళ కారు అటు వెళ్ళగానే, జనరేటర్ వెనకున్న చిన్న గేటులోంచి బయటపడి, సందు చుట్టూ తిరిగి, బజారు నుంచి వస్తున్నట్టు ముందు గేటుకొచ్చింది.

అక్కడ దేవానందం ఉండబట్టలేక చెప్పేస్తున్నాడు. "మేడమ్ ఇంట్లోనే ఉన్నారు పెద్దమ్మా. నాతో మాట్లాడింది ఆవిడే. ఎండలో ఎందుకు, ఊరెళ్ళు."

"నోరు ముయ్యవయ్యా! నా పిల్ల ఇంట్లో ఉండి నన్ను గేటు కాడ కూసోబెడతదా?" ఉషని చూసి దిగ్గున లేచింది. "ఇదుగో, రానే వచ్చింది! ఏమే, చెప్పవే ఈయనకి. ఇంట్లో ఉన్నావా నువ్వు?"

దేవానందం నేల చూస్తున్నాడు. అత్త మొహం నిండా చెమట, ఆ చెమటలోనే నవ్వు. ఉన్నానత్తా అని కాళ్ళమీద పడితే బాగుండును. పడలేకపోయింది.

"లేనత్తా. ఇప్పుడే వస్తన్నా."

"విన్నావా?"

"తప్పయిపోయింది పెద్దమ్మా. ఎవరి గొంతో విని పొరబడ్డా," అని దేవానందం దణ్ణం పెట్టి గేటు తెరిచాడు.

ఉష సిగ్గుతో చచ్చిపోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడుస్తూ వెనక్కి తిరిగింది.

"సరేలే గానీ, ఇంకెప్పుడూ నా పిల్లమీద అబద్ధాలు చెప్పమాక."