తీపి తెలియని పూట

పాడేరు సంతలో తేనె బేరమంతా సన్యాసిరావు నాలుక మీద నడిచేది. కొండవాళ్లు ఆనపకాయ బుర్రల్లో తేనె తెచ్చి అతని కొట్టు ముందు దించితే, వేలితో ఒక్క చుక్క నాకి "అడవిదే" అనేవాడు. ఆ మాట పడ్డాక మైదానం నుంచి వచ్చిన వర్తకులు మళ్లీ రుచి చూసేవారు కాదు. "కల్తీ" అన్నాడంటే ఆ మనిషి తేనె ఇక ఎవరూ ముట్టరు.

అలాంటివాడికి మధుమేహం పట్టుకుంది. పెరట్లో అతను ఒంటేలుకు కూర్చుని లేచిన చోట చీమలు బారులు తీరేవి. భార్య చూడకుండా తానే బూడిద పోసి కప్పేవాడు. కాలి వేలి మీద పుండు ఎంతకీ మానకపోతే విశాఖపట్నం వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు. "ఇంగ్లండు నుంచి ఇన్సులిన్ అని కొత్త సూదిమందు వస్తోంది. రోజూ పొడిపించుకోవాలి. మీ కొండల్లో ఎలా కుదురుతుంది?" అన్నాడాయన.

అప్పుడు గుట్టుగా దేముడమ్మ గుడిసెకు వెళ్లాడు. ఆమె అతని కొట్టుకు తేనె తెచ్చే మనిషే. ఈ జబ్బుకు వాళ్లింట్లో పొడపత్రి ఆకు ఎండబెట్టి దంచి ఇస్తారని విన్నాడు. జబ్బు సంగతి తెలిస్తే సంతలో తన నాలుకను ఇక ఎవరూ నమ్మరని భయం. ఎవరికీ చెప్పనని కొండదేవత మీద ఆమె చేత ఒట్టు వేయించుకున్నాకే పొడి తీసుకున్నాడు. రోజూ రాత్రి ఉండ చేసి నీళ్లతో మింగేవాడు. కొన్నాళ్లకు దాహం తగ్గింది, రాత్రుళ్లు లేవడం తగ్గింది. మళ్లీ వెళ్లినప్పుడు చెబితే డాక్టరు నవ్వలేదు. "సూదిమందు చేసే పని ఆ ఆకు కూడా కొంత చేస్తుందేమో. ఇంకా ఎవరూ తేల్చలేదు. వాడి చూడు, కాని పుండును కనిపెట్టుకుని ఉండు" అన్నాడు.

ఒక సంత రోజు పొద్దున్నే దేముడమ్మ కొట్టు వెనక్కి వచ్చి కొంగులోంచి పచ్చి ఆకు తీసిచ్చింది.

"పొడి అయిపోనాది సావుకారూ. వానలకి ఆకు ఎండనేదు. ఇది నమిలీసి మింగీ."

ఎవరైనా వస్తారేమోనన్న భయంతో గబగబా నమిలి మింగి, మూతి తుడుచుకుని ముందుకు వచ్చాడు. మొదటి బుర్ర దేముడమ్మదే. పక్కన ఆమె మొగుడు గాసి, తేనెటీగలు కుట్టి వాచిన మొహంతో నిలబడి ఉన్నాడు. సన్యాసిరావు చుక్క నాకాడు. జిగటే తప్ప తీపి లేదు.

"ఇదేటే? ఏం కలిపావు ఇందులో?"

"ఏటీ కలపనేదు సావుకారూ. నిన్న పిండిందే."

నర్సీపట్నం వర్తకుడు కృష్ణమూర్తి పకపకా నవ్వాడు. "గాసిగాడు తేనెపట్టు వదిలేసి చెట్టు జిగురు పిండుకొచ్చాడేమో బావా!"

అందరూ నవ్వారు. ఆ ఊపులో సన్యాసిరావు బుర్రను కాలితో తోసేశాడు. తేనె సగం మట్టిలో పారింది. దేముడమ్మ ఏదో అనబోయి, అతని మొహంలోకి చూసి, నోరు మూసుకుంది.

తర్వాతి బుర్ర యర్రమ్మది. దాంట్లోనూ తీపి లేదు. "ఉండండి, వస్తాను" అని లోపలికి పోయి బెల్లం బస్తాలోంచి పలుకు తీసి నోట్లో వేసుకున్నాడు. మట్టి నమిలినట్టుంది. ఇంకో బస్తా చూశాడు. అదీ మట్టే. చచ్చింది తన నాలుకేనని అప్పటికి తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

దేముడమ్మను కొట్టు వెనక్కి రప్పించాడు. "ఆకు వల్లేనని నీకు తెలుసు కదే! ఎందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నావు గదా."

"సరే, నీ తేనె అంతా నేనే కొంటాను. గుట్టుగా పట్టుకురా."

"నువ్వు కొనీసినంత మాత్రాన నాను దొంగని కాకుండా పోతానా? నలుగుర్లో అన్నావు, నలుగుర్లోనే ఆ మాట ఎనక్కి తీసుకో."

తలుపు చాటునే ఉండిపోవాలనిపించింది. కాని బయట గాసి ఒలికిన తేనెకేసి చూస్తూ ఇంకా అక్కడే ఉన్నాడు. సన్యాసిరావు వెళ్లి, జబ్బు ఊసెత్తకుండా సగం మాత్రం చెప్పాడు. "తప్పు నాదే. పొద్దున ఈమె ఇచ్చిన ఆకు నమిలాను. దాంతో నాలుక చచ్చింది. తేనె మంచిదే."

కృష్ణమూర్తి నవ్వు ఆగిపోయింది. "ఈమె ఇచ్చిందా? అంటే నీకు మందు పెట్టింది బావా! కల్తీ సరుకు దాటించడానికి నీ నాలుకే కొట్టేసింది. కొండ పెత్తనం చేసే ముఠాదారుకు చెప్పి కట్టేయించండి దీన్ని!"

నలుగురూ దగ్గరికి జరిగారు. ఒకడు గాసి రెక్క పట్టుకున్నాడు. దేముడమ్మ ఇప్పుడూ నోరు విప్పలేదు. సన్యాసిరావు వైపు చూడనుకూడా లేదు.

"వదలండిరా!" అని అరిచాడు సన్యాసిరావు. "ఆ ఆకు నేనే అడిగాను. ఆమె గుమ్మం ముందు నిలబడి బతిమాలి తెచ్చుకున్నాను. నాకు మధుమేహం. నేను కూర్చున్న చోట చీమలు పడతాయి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించాను. ఆ ఒట్టు కోసం ఆమె నా చేత దొంగ అనిపించుకుంది."

కేకలు విని కొట్టు గుమ్మంలోకి వచ్చిన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో వెనక నుంచి "చీమలట!" అని కిసుక్కుమన్నారు. గాసి రెక్క పట్టుకున్నవాడు చెయ్యి తీసేశాడు. కృష్ణమూర్తి వంగి బుర్ర అడుగున మిగిలినది వేలితో నాకి, "తేనే" అన్నాడు. ఆ మిగిలింది అతనే కొన్నాడు. యర్రమ్మ బుర్రా అతనే రుచి చూశాడు. సన్యాసిరావును ఎవరూ పిలవలేదు.

దేముడమ్మ ఖాళీ బుర్ర చంకన పెట్టుకుని కొట్టు ముందు ఆగింది.

"వచ్చే సంతకి ఆకు తెత్తాను సావుకారూ. పుండు మానీదాకా మానొద్దు."

"మరి తేనె?"

"తేనె నీ కొట్టుకి తేను."

సన్యాసిరావు సరేనన్నట్టు తలూపాడు. ఆమె గాసిని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. గుమ్మంలో భార్య ఇంకా నిలబడే ఉంది. ఆమెకు మొహం చూపలేక, సన్యాసిరావు పార తెచ్చి కొట్టు ముందు తేనె పారిన మట్టి ఎత్తసాగాడు.