బోణీకి అందని బండి

అంగడికి బయలుదేరిన పొద్దున నా దగ్గర ఒక స్కూటరు, కొక్కెం కాటా, మడతపెట్టిన ఖాళీ సంచులు, అందరికంటే ముందు చేరతానన్న ధీమా ఉన్నాయి. చింతపండు దిగే రోజుల్లో ఆ ధీమాయే అసలు పెట్టుబడి. ఏన్కూరు అవతల అడవి అంచున వారం వారం జరిగే ఆ అంగడిలో కొన్న బస్తాలు మోసే ఆటోలకు కొదవ లేదు గాని, ఒక కట్టుబాటు ఉంది. గూడెం పెద్ద దస్రు తన మొదటి గంపను ఎవరి కాటాకు తగిలిస్తే, ఆ రోజు గూడెం సరుకంతా వాళ్లకే. మిగతా వ్యాపారులు చాయ్ తాగి పోవాల్సిందే.

సెల్ఫ్ నొక్కితే ఇంజను గుర్రుమని ఆగింది. పిక్క పట్టేసేదాకా కిక్ కొట్టాను. అందుకోలేదు.

"ఎందుకట్ల తన్నుతవ్? దానికేమైందో చూడు," అంది గుమ్మంలో నిలబడి నా భార్య అంతోనమ్మ.

"నీతులు తర్వాత చెప్దువు గాని, ఆ పానా ఇటియ్యి."

ప్లగ్గు ఊడదీశాను. తడిగా ఉంది, అంటే పెట్రోలు అందుతోంది. ఇంజనుకు ఆనించి కిక్ కొడితే రవ్వ మెరిసింది, కరెంటుకూ ఢోకా లేదు. తుడిచి బిగించినా అదే తీరు. ఈలోపు దేవ్‌సింగ్ వ్యాను మా ఇంటి ముందు నుంచే పోయింది. అతనూ చింతపండు వ్యాపారే. పోతూ హారన్ కూడా కొట్టాడు. ఒళ్లు మండి, బండికి ఓ పక్కన ఇంజనుకు గాలి అందించే డబ్బాను గుద్దాను. సందులోంచి ఎండు ఇప్పపువ్వు రాలింది.

మూత విప్పితే లోపలంతా ఇప్పపువ్వు, కొరికిన గోనె పీచు. ఎలుక గూడు. గాలి పోయే సందే లేదు. దొంగల భయంతో వారం నుంచి బండిని ఇప్పపువ్వు బస్తాల మధ్య దాచింది నేనే.

"అక్కడ పెట్టకుమని చెప్పిన గదా," అంది అంతోనమ్మ.

"ఎలుకలొస్తయని చెప్పినవా?"

"వాసన పడ్తదని చెప్పిన. ఎలుక నాకు చెప్పి వస్తదా ఏంది?"

గూడంతా పీకి పారేసి, ప్లగ్గు మళ్లీ ఆరబెట్టి కొట్టాక బండి అందుకుంది. నేను చేరేసరికి దేవ్‌సింగ్ కాటా కింద బస్తాలు కుట్టేస్తున్నారు.

"ఒక్క గడియ ఆగలేకపోయినవా దస్రూ? ఎన్నేండ్ల బేరం మనది?" గొంతు పెంచే అడిగాను.

దస్రు బీడీ నోట్లోంచి తీయలేదు. "పోయిన అంగడికి వాగు దాటి మేం జర లేటుగ వచ్చినం. నువ్వు ఆగినవా ఆదామన్నా? పక్క గూడెపోళ్ల సరుకు తూచుకొని పోయినవ్."

అది నిజమే. దాంతో కోపం ఇంకా పెరిగింది. దేవ్‌సింగ్ వద్దన్న రెండు చీపురు కట్టలు ఉంటే, అడిగిన ధరకే తీసుకుని బండికి కట్టాను.

ఆ వారం నా రాబడి అంతే. రెండు చీపురు కట్టలు, ఒక్క కిక్కుకే అందుకునే బండి, వచ్చే అంగడిలో దస్రు ముందు తగ్గించి మాట్లాడాల్సిన నోరు.