భీమరాజుగారి నాలుగో గది

రోజూ మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, గిటారు సంచీ భుజాన వేసుకుని శశిభూషణ్ రావులపాలెం అరటి మార్కెట్టుకి నడిచి వెళ్తాడు. మూడింటికల్లా భీమరాజుగారి గోడౌన్లో నాలుగో గదిలోకి వెళ్ళి, పచ్చి గెలల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బయట నుంచి తలుపు మూస్తారు. రెండు గంటలు మోహన రాగం వాయిస్తాడు. ఐదింటికి తలుపు తీస్తే బయటికొచ్చి, చొక్కా విప్పి పిండుకుని, టీ తాగి ఇంటికెళ్తాడు. మర్నాడు పొద్దున్నకి గెలలన్నీ పండి ఉంటాయి.

ఆ ఊళ్ళో కొందరు పొగబెట్టి మాగబెడతారు, కొందరు గ్యాసు పెట్టి మాగబెడతారు, భీమరాజుగారు సంగీతంతో మాగబెడతారు. ఆయన తండ్రిగారి హయాం నుంచీ అంతే. శశిభూషణ్ కన్నా ముందు అక్కడ ఒక నాదస్వరం ఆయన పనిచేసేవాడు. నోట్లో ముందు పళ్ళు ఊడిపోయేసరికి ఆయన మానుకున్నాడు. పెళ్ళిళ్ళ వాళ్ళు, గుళ్ళ వాళ్ళు వచ్చి "పాట పండు ఉందాండి?" అని అడిగి మరీ తీసుకెళ్తారు. తొక్క మీద మచ్చ ఉండదు, తీపి తేడా ఉండదు.

ఈ ఉద్యోగానికి శశిభూషణ్ ఊరికే రాలేదు. ఎనిమిదో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా ముక్కామలలో శ్యామలాంబగారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. తర్వాత గిటారు పట్టుకుని, జాజ్ వెంట పడి, చెన్నైలో పదకొండేళ్ళు ఉన్నాడు. వీణ గమకం గిటారు తీగ మీద పలికిస్తాడని పేరొచ్చింది. పేపర్లలో ఫొటో కూడా పడింది. తర్వాత బృందం విడిపోయింది, కచేరీలు తగ్గిపోయాయి, అతని భార్య హైమకి రావులపాలెం స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. ఆమె వెంట అతనూ వచ్చేశాడు. ఇప్పటికి రెండేళ్ళు.

"జాజ్ అంటే ఏంటండీ పంతులుగారూ?" అని మొదట్లో భీమరాజుగారు అడిగారు.

"పాట పట్టుకుని బయల్దేరి, దార్లో అప్పటికప్పుడు కొత్తగా కట్టుకుంటూ పోవడమండి."

"అంటే మేస్త్రీ దగ్గర ప్లాను ఉండదన్నమాట" అన్నారాయన, కొంచెం అనుమానంగా.

ఆ అనుమానం నెల తిరక్కుండానే నిజమైంది. శశిభూషణ్ మోహనతో మొదలుపెట్టి, పావుగంటకే ఎటో వెళ్ళిపోయేవాడు. మర్నాడు తలుపు తీస్తే ఒకే గెలలో పై అత్తం, అంటే పై చీపు, మిగలపండి, మధ్య అత్తం దోరగా, కింది అత్తం రాయిలా ఉండేవి. పక్క గెలలో ఇంకో వరస. భీమరాజుగారు చెడ్డమనిషి కాదు. పైగా సంగీతం అంటే గౌరవం. కానీ ఆరో సారి ఆయనకి ఓపిక పోయింది.

"మీ చేతిలో సరస్వతి ఉందండి, కాదనను. కానీ ఒకే గెలలో మూడు రుతువులు కనపడితే నేనెవరికమ్ముకోనండీ?"

శశిభూషణ్ సిగ్గుపడ్డాడు. హైమ జీతం ఒక్కటే ఇంటికి సరిపోదని అతనికి తెలుసు. అందుకని శ్యామలాంబగారు నేర్పిన పాత పద్ధతిలోకి వెళ్ళిపోయాడు. ఎంత దూరం వెళ్ళినా తాళం మొదలయ్యే దెబ్బకి, అంటే సమానికి, ఠంచనుగా వచ్చి షడ్జం మీద నిలబడాలి. అలా వాయించిన రోజు నుంచి గది గదంతా ఒకేసారి పండేది. భీమరాజుగారు సంతోషించి దసరాకి పంచెల చాపు పెట్టారు.

ఇలా ఉండగా ఒక బుధవారం పొద్దున్న పావని ఫోన్ చేసింది. పావనిది కాకినాడ, చెన్నైలో పియానో వాయిస్తుంది. విడిపోయిన బృందంలో తనూ ఉండేది.

"కొత్తగా ఐదుగురం మొదలెడుతున్నాం శశీ. దేశమంతా ఆర్నెల్ల టూరు. గిటారుకి నువ్వా, ఒక బెంగాలీ కుర్రాడా అని చూస్తున్నాం. సోమవారం పదింటిలోపు ఎనిమిది నిమిషాలు రికార్డు చేసి పంపు."

"నా వాయింపు నీకు తెలీదా? రికార్డింగెందుకు?"

"తెలుసు. చివరి కచేరీలో నువ్వు చాలా నీట్‌గా వాయించావు. అందుకే భయం."

ఆ మాట అతనికి రోషం తెప్పించింది. ఆ రోజే గదిలో ఫోన్ రికార్డింగ్ పెట్టుకుని, మోహన పక్కన పెట్టి, చెన్నైలో చప్పట్లు కొట్టించుకున్న విద్యలన్నీ బయటికి తీశాడు. వేళ్ళు తీగల మీద పరుగెత్తాయి. స్వరాలు విరిచాడు, వెనక్కి తిప్పాడు, తాళానికి అడ్డంగా వెళ్ళాడు. బయటికొచ్చేటప్పుడు సంతోషంగానే ఉన్నాడు. గెలలు పాడైపోయి ఉంటాయనీ, రేపు తిట్లు తప్పవనీ అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న గదంతా ఒక్క రంగు. పై అత్తం నుంచి చివరి కాయ దాకా పసుపే.

"అబ్బ, ఇంత సమంగా ఎప్పుడూ పండలేదండి!" అన్నారు భీమరాజుగారు.

శశిభూషణ్ వంగి కింది అత్తాలు కూడా చూశాడు. గెలలు అబద్ధం చెప్పవు. తను కొత్తగా కట్టాననుకున్నదంతా పాతదే. ఎక్కడ విరవాలో, ఎక్కడ తిప్పాలో, ఎన్నో దెబ్బకి ఇంటికి చేరాలో వేళ్ళకి ముందే తెలుసు. సరళీవరుసలు పాడే పిల్లకీ తనకీ తేడా వేగమొక్కటే.

గురువారం మళ్ళీ వాయించాడు. శుక్రవారం కళ్ళు మూసుకుని వాయించాడు. రెండుసార్లూ గది గదంతా పసుపే. ఇంట్లో వాయించి చూద్దామంటే గాలాడే చోట పాట పండుకి పట్టదు.

"బాగుందండీ, పంపించెయ్యండి" అంది హైమ, ఫోన్లో ఆ రికార్డింగు విని. "ఆవిడకి గెలల సంగతి ఏం తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"మరీ అంత పట్టింపైతే ఎలాగండీ? రెండేళ్ళుగా మీరు నవ్వడం చూళ్ళేదు నేను. ఆ గదిలోంచి బయటపడితే చాలు నాకు" అంది హైమ. శశిభూషణ్ ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

శనివారం సెలవు పెట్టి, ముక్కామల బస్సెక్కాడు.

శ్యామలాంబగారికి ఎనభై దాటాయి. కళ్ళు సరిగా ఆనవు. తాళం వేసే కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ తొణకదు. అంతా విని, "ఏదీ, వాయించు నాయనా" అని తొడ మీద ఆదితాళం మొదలెట్టారు. శశిభూషణ్ వాయించాడు. తాళం ఐదారు ఆవర్తాలు తిరిగాక ఆవిడ చెయ్యి గాల్లోనే ఆపేశారు. పన్నెండేళ్ళ పాఠంలో ఎప్పుడూ ఆపనిది. అతను తడబడలేదు. చెయ్యి లేకపోయినా సమానికి ఠంచనుగా వచ్చి షడ్జం మీద వాలాడు.

"చూశావా? నేను ఆపేసినా నా చెయ్యి నీలో ఆడుతూనే ఉంది" అన్నారావిడ. మెచ్చుకున్నట్టు లేదు ఆ మాట.

"మీరు నేర్పిందేగా అమ్మగారూ."

"నేనే నేర్పాను. ఇంటికి చేరడం నేర్పాను. బయటికి వెళ్ళడం నాకే రాదు, నీకేం నేర్పను?" ఆవిడ కాసేపు తొడ మీద చెయ్యి నిమురుకుంటూ కూర్చున్నారు. "నలభై రెండో ఏట అమలాపురంలో కచేరీ. స్వరకల్పన మధ్యలో తప్పిపోయానురా. సమం ఎక్కడుందో తెలీదు. మృదంగం ఆయన నా మొహం కేసి చూస్తున్నాడు. రెండు నిమిషాలు ఏం వాయించానో, ఎలా వాయించానో! ఆ రెండు నిమిషాలూ ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. అన్ని వందల కచేరీలు చేశాను, ఇంకొక్కటి గుర్తు లేదు."

"తర్వాత ఏం చేశారు?"

"పరువు పోయిందని భయపడ్డాను. మళ్ళీ వేదిక ఎక్కలేదు. పాఠాలు చెప్పుకుంటూ కూర్చున్నాను" అన్నారు శ్యామలాంబగారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం శశిభూషణ్ అదే మొదటిసారి చూడటం.

తిరుగు బస్సులో అతనికి ఏడుపొచ్చింది. ఆవిడ కోసమో, తన కోసమో తేల్చుకోలేకపోయాడు. పావనికి ఏమీ పంపకూడదని మాత్రం నిశ్చయించుకున్నాడు. లేనిది ఉన్నట్టు పంపి, ఆర్నెల్లు ఊరూరా అబద్ధం వాయించే కన్నా, గెలలు మాగబెట్టుకోవడమే మర్యాద అనుకున్నాడు.

ఆదివారం నాలుగో గదిలో అరవై గెలల చక్కెరకేళి ఉంది. మంగళవారం తణుకులో పెళ్ళికి వెళ్ళాల్సిన సరుకు. "జాగ్రత్తండీ పంతులుగారూ, మాటిచ్చేశాను" అని భీమరాజుగారు తలుపు మూశారు. శశిభూషణ్ అలవాటు కొద్దీ ఫోన్ రికార్డింగ్ పెట్టాడు. పెట్టాక, ఎందుకు పెట్టానా అనుకున్నాడు గానీ మళ్ళీ ఆపలేదు.

నిజాయితీగా మోహనే మొదలుపెట్టాడు. పెళ్ళివారి పండు చెడగొట్టాలని అతనికి ఏ కోశానా లేదు. మూడు ఆవర్తాలు వాయించాడు. నాలుగో దాంట్లో సమం దగ్గరికి వస్తుండగా, నలభై ఏళ్ళ కిందట వేదిక మీద బిత్తరపోయిన శ్యామలాంబగారి మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆవిడని అక్కడ ఒంటరిగా వదిలేసి తను ఒక్కడే ఇంటికి చేరడానికి మనసొప్పలేదు. షడ్జం మీద వాలాల్సిన వేలు వాలలేదు.

సమం వెళ్ళిపోయింది. ఇంకోటీ వెళ్ళిపోయింది. తర్వాత లెక్క తప్పింది. శశిభూషణ్‌కి నిజంగా భయమేసింది. తీగ మీద వేలు పెట్టి, ఏం వినిపిస్తుందో విని, దాన్ని బట్టి రెండో వేలు పెట్టాడు. ఒకచోట చాలాసేపు ఆగిపోయాడు. ఒకచోట తప్పనిపించిన స్వరం మీదే కూర్చున్నాడు. గదిలో ఎవరో తనతో పాటు వెతుకుతున్నట్టనిపించి, ఆ ఎవరికో జవాబు చెబుతూ వెళ్ళాడు. తలుపు తీసేసరికి రెండు గంటలయ్యాయంటే నమ్మలేకపోయాడు.

సోమవారం తెల్లారగానే గోడౌన్‌కి వెళ్ళి, భీమరాజుగారు రాగానే, తలుపు తియ్యక ముందే చెప్పాడు. "తప్పు చేశానండి."

తలుపు తీశారు. అరవై గెలల్లో ఏ రెండు అత్తాలూ ఒక్కలా లేవు. కొన్ని మిసమిసలాడుతున్నాయి, కొన్ని కారుపచ్చగా ఉన్నాయి, ఒక గెలలో ప్రతి కాయా తనిష్టం వచ్చిన రంగులో ఉంది. భీమరాజుగారు గుమ్మంలోనే కూలబడ్డారు. శశిభూషణ్ గెల గెలా తడుముతూ గదంతా తిరిగాడు. ఎంత ఆపుకుందామన్నా కన్నీళ్ళు ఆగలేదు. అంత సంతోషం అతను ఈ రెండేళ్ళలో ఎరగడు. ఆ పెద్దమనిషి మొహం చూసి సిగ్గూ వేసింది.

"నన్నేం చెయ్యమన్నా చేస్తానండి."

"ఏం చేస్తారండీ?" అన్నారు భీమరాజుగారు. "పొగగది వాళ్ళని బతిమాలి ఎలాగో సర్దుకుంటాను. మీ మీద కోపం లేదండి నాకు. కానీ రేపట్నుంచి రావద్దు. ఈ చెయ్యి అరటిపండుకి పనికిరాదు."

మార్కెట్టు బయటికొచ్చి, గెలల లారీ నీడలో నిలబడి, రికార్డింగులో మొదటి ఎనిమిది నిమిషాల ముక్క కత్తిరించి పావనికి పంపాడు. అప్పటికి ఎనిమిదిన్నర. ఇంటికెళ్ళి ఉద్యోగం పోయిందని చెప్పాడు. హైమ చేతిలో సుద్దముక్కల డబ్బాతో గుమ్మంలో ఆగిపోయింది. ఆమె నోరు తెరిచే లోపే ఫోన్ మోగింది.

"శశీ, రెండో నిమిషంలో ఎక్కడికెళ్ళిపోయావు?"

"తెలీదు పావనీ."

"తిరిగి ఎలా వచ్చావు?"

"రాలేదు."

శశిభూషణ్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"బుధవారం నుంచి రిహార్సల్స్" అంది పావని. "రాగలవా?"

రైళ్ళలో సీట్లు లేవన్నారు. మర్నాడు సాయంత్రం హైమ దగ్గరుండి సెంటర్లో చెన్నై బస్సెక్కించింది. అందులోనూ సీటు లేదు. గిటారుని గుండెలకి ఆనించుకుని, ఒంగోలు దాకా నిలబడే వెళ్ళాడు.