పాతకాయల బస్తా

తూకం దగ్గర ఫద్మా పిన్ని బుట్ట చూసి షెడ్డు యజమాని హాజీ లహ్సెన్ నవ్వాడు. పొద్దుటి నుంచి నడుం వంచి, నూనె ఆడించే అర్గాన్ కాయల్ని రాతి మీద రాయితో కొట్టి ఆమె తీసిన పప్పు బుట్ట అడుగు కూడా కప్పలేదు.

"రేపు ఇజ్జా తీసినదాంట్లో సగమైనా తియ్యకపోతే మళ్ళీ ఈ గడప తొక్కకు. అందరికీ అవే కాయలు, అదే నీడ. ఒళ్ళు వంచినవాళ్ళు తింటారు, వంచనివాళ్ళు ఏడుస్తారు. ఇజ్జాను చూసి నేర్చుకోండి!"

చూశాం. చూడక చస్తామా! ఇజ్జా నా ఈడుదే, మా ఊరిదే. దానికి గుమ్మం పక్కన గాలి తగిలే చోటు. దానికి హాజీ ఇచ్చిన కొత్త శాలువా. కూలి చేసే అక్కల్లారా, మీ దగ్గర దాపరికమెందుకు? ఫద్మా పిన్ని మొగుడు బావి తవ్వుతూ పోయాడు, ఈ షెడ్డు తప్ప ఆమెకు వేరే తిండి దారి లేదు. అయినా ఆ సాయంత్రం నా కడుపు మండింది ఆమె కోసం కాదు, ఆ శాలువా కోసం.

మాలో ఒకరి బస్తాలో ఇంకొకరు చెయ్యి పెట్టడమంటే దొంగతనమే. హాజీ ఎవరి బస్తా వాళ్ళకి మూతి కుట్టి ఇస్తాడు, ఎవరిది వాళ్ళే కొట్టుకుంటాం. మర్నాడు మధ్యాహ్నం, అప్పటికే బుట్ట నింపేసిన ఇజ్జా నమాజుకి లేవగానే నేను ఆ మర్యాద గాలికొదిలేసి దాని బస్తా ఇటు లాక్కున్నాను, నాది అటు తోశాను.

ఒక్క దెబ్బ వేశాను. కాయ పుటుక్కుమని విరిగి పప్పు చేతిలో పడింది. ఇంకోటి, అదీ అంతే. ఎప్పటివో పాతకాయలు, లోపల పప్పు ఎండి పెంకును వదిలేసింది. మాకిచ్చేవన్నీ ఈ ఏటి కాయలు, ఎంత బాదినా పగిలి చావవు.

ఇజ్జా వచ్చి కూర్చుని కొట్టింది. కాయ పగల్లేదు, రాయి జారి బొటనవేలు చితికింది.

"ఎవర్తే నా బస్తా మార్చింది?"

"నేనే. నీ గొప్పేంటో చూద్దామని. బాగా దాచావే!"

"ఏం దాచాను? అందరికీ ఇవే ఇస్తున్నాడనుకున్నా! తెల్లారకముందే వస్తున్నా. కాయలు కాసిన ఈ చేతులు చూడు. నాది కష్టం కాదా?"

ఫద్మా పిన్ని రాయి పక్కన పెట్టింది. "నీ కష్టాన్ని ఎవరు కాదన్నారే తల్లీ? మాదే కష్టం కాదన్నాడు వాడు."

షెడ్డంతా గోలైంది. బస్తాలన్నీ కలిపేద్దామంది ఒకామె. రేపు ఇంకోదానికి పాతకాయలు పోస్తాడు, మనం మళ్ళా దాన్ని చూసి ఏడుస్తామంది ఇంకొకామె. అప్పుడు పిన్ని అంది: "బార్లీ కోతలకి ఊరంతా ఒకరి చేలో దిగుతాం. ఎవరి కొడవలి ఎంత కోసిందని అడుగుతామా? పప్పంతా ఒకే కుప్ప పోద్దాం. కూలి సమంగా పంచుకుందాం."

"నిండు బుట్ట ఉన్నది ఎందుకు పోస్తుంది?" అన్నాను నేను, ఇజ్జాను చూస్తూ. అది వేలికి గుడ్డ కట్టుకుంటూ కూర్చుంది.

సాయంత్రం హాజీ వచ్చేసరికి చాప మీద ఒకటే కుప్ప. ఇజ్జా బుట్ట మాత్రం దాని ఒళ్ళోనే ఉంది.

"ఏంటీ వేషాలు?" అని అరిచాడు. "ఇజ్జా, నీ బుట్ట ఇలా తే. రేపటి నుంచి వీళ్ళ మీద మేస్త్రివి నువ్వే. ఫద్మా, నువ్వు నడు బయటికి."

ఇజ్జా లేచింది. వెళ్తుంది, ఎందుకు వెళ్ళదు, నేనైతే వెళ్ళేదాన్నే అనుకున్నాను. అది కుప్ప దగ్గర ఆగి బుట్ట బోర్లించింది.

"పిన్ని పోతే అందరం పోతాం. తూస్తే కుప్పంతా కలిపి తూచు. బస్తాలు మా కళ్ళముందు నింపి కుట్టు."

"షెడ్డుకి తాళం వేస్తా!"

"వేసుకో. మేం లోపలే ఉన్నాం."

కూర్చుని, కాయ పెట్టకుండానే రాతి మీద రాయితో కొట్టింది. పిన్ని అందుకుంది. తర్వాత అందరం. రేకుల కప్పు అదిరింది. హాజీ నోరు ఆడుతోంది గాని మాట వినబడటం లేదు. అంత మంచి మాట నా నోట ముందు రాలేదే అని కుళ్ళుకుంటూ, ఇజ్జాకన్నా గట్టిగా కొట్టాను.