సెవిన్నీలు చచ్చే అధ్యాయం

ఆదివారం వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే మా ఆయన సెడ్రిక్ గుమ్మంలో నిలబడి, "ఈనిడ్, నా నవలలో ఇంకో జాతికి పేరు కావాలోయ్. తొందరగా చెప్పు. ఎలాగూ యుద్ధంలో అందరూ చస్తారు," అన్నాడు. ఉప్పు అందుకోమన్నట్టే అడిగాడు.

ఏమీ తోచడం లేదన్నాను. "ఇంట్లో కూర్చునేదానివి, నీకు వేరే పనేముంది?" అని విసుక్కుని వెళ్ళాడు. పొయ్యిలో మాంసం, తొట్టినిండా అంట్లు, ఇస్త్రీ చెయ్యాల్సిన ఆయన చొక్కాలు. నిజమే, నాకు పనేముంది!

ఆ నవలలో ఎల్ఫులనే మాయజాతివాళ్ళు మాట్లాడే భాష, డర్బీ ఊళ్ళో బడిపిల్లలకి లాటిన్ చెప్పే సెడ్రిక్ హాలం పంతులుగారిదని లోకమంతా అనుకుంటుంది. మా అమ్మాయి హెస్టర్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టినప్పుడు, మందు మింగించడానికి నేను కట్టిన భాష అది. గుక్కకో మాట. చిత్తడి నేలల్లో ఉండేవాళ్ళు ఓరెల్లీలు, నిద్ర ఎరగనివాళ్ళు థస్వీలు. "పిల్లకి లేనిపోని పిచ్చి ఎక్కిస్తోంది," అని అత్తగారు ఈసడించేది. ఆయన విసుగ్గా తన గది తలుపు వేసుకునేవాడు. తరవాత ఆ పేర్లన్నీ ఆయన పుస్తకంలోకి ఎక్కాయి. నాకు కృతజ్ఞతలు కూడా చెప్పాడు, ఓపికగా టైపు చేసినందుకు. మింగాను. కడుపున పుట్టింది పోయాక ఇంకేదైనా మింగడం తేలికే. ఒక్క పేరు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చివరి వారంలో హెస్టర్ తనంతట తాను కట్టింది. "దగ్గు రాని ఎల్ఫులు కూడా ఉంటారమ్మా. సెవిన్నీలు," అంది.

భోజనానికి ప్రచురణకర్త ట్రెంచ్ గారు వచ్చారు. నేను నిలబడి వడ్డిస్తున్నాను.

"దొరికిందండీ," అన్నాడు సెడ్రిక్ మాంసం కోస్తూ. "సెవిన్నీలు. పిరికిపందల జాతి. మూడో అధ్యాయంలో పిల్లాజెల్లాతో సహా ఊచకోత."

"ఆహా, ఏం పేరండీ! ఎక్కడ దొరుకుతాయి మీకివన్నీ?"

"ఏం చెప్పమంటారు, నిద్రలో వస్తుంటాయి."

హెస్టర్ ఆ మాట అన్నప్పుడు ఆయన గుమ్మం దగ్గర కోటు వేసుకుంటున్నాడు. వినలేదనుకున్నాను. పిల్ల రాత్రంతా దగ్గితే వినపడని మనిషికి ఇది వినపడింది! ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఆ పేరు వద్దు," అన్నాను.

"ఉత్త శబ్దమే కదోయ్! పిల్ల పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు దానికోసం ఎవరు ఏడుస్తారు? వెళ్ళి కస్టర్డ్ పట్రా."

నేను గరిటె కింద పెట్టి, ఎన్నడూ లేనిది, కుర్చీ లాక్కుని వాళ్ళతో పాటు బల్ల దగ్గర కూర్చున్నాను.

"ట్రెంచ్ గారూ, ఈ భాష కట్టింది నేను. తక్కినవాళ్ళని మీ ఇష్టం వచ్చినట్టు చంపుకోండి. సెవిన్నీల జోలికి మాత్రం రావద్దు. వాళ్ళలో ఒకదాన్ని నేను కన్నాను."