బోల్టు మీది అంకె

పాత తుపాకుల పిచ్చి పట్టినవాడికి పెళ్ళాం పుట్టినరోజు గుర్తుండదు గానీ, తుపాకీ మీది అంకె మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఓరిన్‌ది అదే బాపతు. ఇండియాలో ఇషాపూర్ కార్ఖానాలో తయారై, అక్కడి సైన్యం వాడి వదిలేస్తే అమెరికాలో ఒహాయో చేరిన రైఫిలు ఒకటి అతని దగ్గరుంది. రెండు చలికాలాలు కూర్చుని దాని గ్రీజంతా వదిలించాడు, కర్రకి అవిసె నూనె పట్టించాడు. తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ, బోల్టు, అదొక్కటే లోటు. తుపాకీ మీద 4417, బోల్టు మీద 2086. సైన్యం గోదాములో ఎవడో బోల్టులన్నీ కలగాపులగం చేసి, చేతికి దొరికింది దొరికినట్టు బిగించేశాడు. అంకెలు కలవని తుపాకీ ఎంత మెరిసినా ఈ పిచ్చివాళ్ళకి తృప్తి ఉండదు.

వసంతంలో డెల్మర్ తన ఇషాపూర్ రైఫిలు తెచ్చి శుభ్రం చెయ్యమన్నాడు. నలభై ఏళ్ళుగా స్నేహితుడు, ఇద్దరూ ఒకే సరుకులోంచి రైఫిళ్ళు కొన్నారు. డెల్మర్‌కి ఈ మధ్య చూపు బాగా మందగించింది పాపం. ఓరిన్ బోల్టు లాగి తుడిచాడు. 4417!

అప్పుడే ఫోన్ చేసి అడగాల్సింది. కానీ కిందటేడు డెల్మర్ తుపాకీకి ఓ పాత తోలు పట్టీ అడిగితే ఓరినే "ఇవ్వను పో" అని మొహం మీదే అన్నాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? గుట్టుచప్పుడు కాకుండా బోల్టులు మార్చేశాడు. రెండు తుపాకులూ ప్రమాదం లేకుండా పేలతాయో లేదో కొలత గేజీ పెట్టి మరీ చూసుకుని, డెల్మర్‌ది తిరిగిచ్చేశాడు. దొంగతనం కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేశాడు మహానుభావుడు!

ఆ తర్వాత తన తుపాకీ ముట్టుకోబుద్ధి కాలేదు. బీరువాలో పెట్టి తాళం వేశాడు. డెల్మర్ ఫోన్ చేస్తే ఒంట్లో బాలేదనేవాడు.

ఓ ఆదివారం చర్చి నుంచి తిన్నగా డెల్మరే వచ్చాడు, రైఫిలు పెట్టెతో సహా. భార్య కారులోనే ఉండిపోయింది.

"ఏరా, మూడు నెలల జ్వరమా నీది? చచ్చావో బతికావో చూద్దామని వచ్చా. కాఫీ పొయ్యి ముందు."

సగం తాగి, తడుముకుంటూ పెట్టె తెరిచాడు.

"శుభ్రం చెయ్యమన్నది వంక రా, వెర్రినాగన్నా! నా బోల్టు నీ తుపాకీదని నాకెప్పుడో, కళ్ళు బాగున్నప్పుడే తెలుసు. నువ్వే చూసి, గంతులేసి ఫోన్ చేస్తావని ఇచ్చా. వారం రోజులు ఫోన్ పక్కనే కూర్చున్నా. నువ్వూ గుడ్డివాడివైపోయావా? అది నీదేరా, నీకోసమే ఇచ్చా. లాగు. అంకె పైకి చదువు. నాకు కనబడదు, విననీ."

ఓరిన్ బోల్టు లాగాడు. 4417 అనేస్తే సరిపోయేది. డెల్మర్‌కి కనబడదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నవ్వు మొహం పెట్టుకుని చెవి ఇటు తిప్పి కూర్చున్న ఆ మనిషిని చూస్తే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"రెండు... సున్నా... ఎనిమిది... ఆరు."

డెల్మర్ తడుముకుని కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"అది నీ తుపాకీలోది కదూ?"

"అవును. నేనే మార్చాను. తప్పయిపోయిందిరా."

"అడగాల్సిన పని కూడా లేదు కదరా. 'దొరికింది' అంటే చాలు."

లేచాడు. దారి కనబడక గడప దగ్గర తడబడ్డాడు. ఓరిన్ చెయ్యి పట్టుకోబోయాడు. డెల్మర్ ఆ చేతిని మెల్లిగా తప్పించి, గోడ పట్టుకుని నడిచాడు.